ముందు కట్టె ఊడదీయకుండా బట్టు జోలికి పోవద్దు: పాత 315 బోరు రైఫిల్ విప్పడం, కడగడం, దాచడం

మీ ప్రశ్న సారాంశం ఇది. దేవరకొండ దగ్గర ఊళ్ళో తాతగారి కాలం నాటి ఈశాపూర్ 315 బోరు రైఫిల్ ఉంది, లైసెన్సు ఇప్పుడు మీ బాపు పేరు మీద ఉంది. ఎన్నికలప్పుడు ఠాణాలో జమ చేసి తెచ్చుకున్నాక బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ, బిగుసుకుపోతోంది. ముందు కట్టె, అంటే బ్యారెల్ కింది కట్టె, అంచు వెంబడి ఎర్రగా జంగు కనబడుతోంది. మొత్తం విప్పి శుభ్రం చేసుకోవచ్చా?

మొత్తం విప్పొద్దు. ఈ జాతి రైఫిళ్ళు వాడుకతో చెడినవాటి కంటే స్క్రూ డ్రైవర్‌తో చెడినవే ఎక్కువ. బోల్ట్, మ్యాగజైన్ ఎప్పుడైనా తీయొచ్చు. ముందు కట్టెను ఏడాదికి ఒకసారి, వానాకాలం వెళ్ళాక తీస్తే చాలు. భుజానికి ఆనే బట్టు, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్, సేఫ్టీ క్యాచ్, బ్యారెల్ మాత్రం ఇంట్లో విప్పొద్దు.

చట్టం సంగతి ముందే తేల్చుకుందాం. లైసెన్సు బాపుది కాబట్టి రైఫిల్ మీద పని ఆయన చేయాలి, లేదా ఆయన కళ్ళ ముందే జరగాలి. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు ఎదుట గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ, రిపేరు కోసమో లైసెన్సు రెన్యువల్ కోసమో ఆయన వాడుకోవడానికో ఇంకొకరు ఆయుధం తీసుకుపోవచ్చు. అంతకు మించి మీకు హక్కు లేదు. శుభ్రం చేయడం వేరు, రిపేరు వేరు. రిపేరుకు 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉన్న డీలరే కావాలి, మనకు దగ్గర అంటే హైదరాబాదే. మూతి దగ్గర జంగు పట్టిందని బ్యారెల్ కొస కోయించడం 6వ సెక్షన్ కింద నేరం. ఊరి లేత్ మిషన్ షాపుకు ఈ పని అసలే తీసుకుపోవద్దు.

ఇక మీ చేతిలో ఉన్నది ఏమిటంటే, అది సైన్యపు త్రీ నాట్ త్రీకి స్వంత తమ్ముడు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సైన్యం తూటా జనం చేతికి పోవద్దని 303 బోరును పౌరులకు నిషేధించారు. అప్పుడు త్రీ నాట్ త్రీదే అయిన లీ ఎన్‌ఫీల్డ్ బాడీకి ఆస్ట్రియా దేశపు మాన్లిచర్ తూటా, అంటే 8 మిల్లీమీటర్లది, పెట్టి అమ్మడం మొదలైంది. దాన్నే మనం 315 అంటున్నాం. తర్వాత ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే పద్ధతిలో తయారు చేసింది. అందుకే సైన్యపు త్రీ నాట్ త్రీ పాత రకం, నంబర్ 1 రైఫిల్ గురించి చెప్పేవన్నీ దాదాపు మీ దానికీ వర్తిస్తాయి. తేడాలు రెండు: మీ మ్యాగజైన్‌లో పదికి బదులు ఐదు రౌండ్లు, ముందు కట్టె పొట్టిది. త్రీ నాట్ త్రీ తూటా మాత్రం ఇందులో పెట్టి చూడాలన్న ఆలోచనే రావద్దు. అది దీనికి సరిపోదు, పైగా నిషిద్ధ బోరు తూటా ఇంట్లో దొరికితే అదే వేరే కేసు.

మొదట ఖాళీ చేయడం. రౌండ్లన్నీ ఇంకో గదిలో పెట్టి రండి. ట్రిగ్గర్ గార్డు లోపల, ట్రిగ్గర్‌కు ముందున్న చిన్న క్యాచ్‌ను పైకి నొక్కితే మ్యాగజైన్ కిందికి ఊడుతుంది. బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. చీకటి గదిలో కన్ను మోసపోతుంది.

బోల్ట్ తీయడానికి సేఫ్టీ ముందుకు ఉండాలి. హ్యాండిల్ ఎత్తి బోల్ట్‌ను చివరి దాకా వెనక్కి గుంజండి. అక్కడ ఆగుతుంది. ఇప్పుడు బోల్ట్ ముందు కొసన కుడి వైపుకు ఉన్న బోల్ట్ హెడ్‌ను బొటనవేలితో పైకి ఎత్తితే, దాన్ని పట్టుకున్న స్ప్రింగు నుంచి టక్కుమని లేస్తుంది. తర్వాత వెనక్కి లాగితే చేతికొస్తుంది. స్ప్రింగు గట్టిగా ఉంటే నూనె చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. సుత్తి వద్దు, పక్కడ్ వద్దు. బయటికొచ్చిన బోల్ట్‌ను అన్ని వైపుల నుంచీ ఫోటో తీసి పెట్టుకోండి. శుభ్రం చేసేటప్పుడు వెనక కొసన ఫైరింగ్ పిన్‌కు తగిలించి ఉన్న కాకింగ్ పీస్ పక్కకు తిరిగిపోతే బోల్ట్ మళ్ళీ బాడీలోకి ఎక్కదు. ఫోటో చూసి యథాస్థానానికి తిప్పితే ఎక్కుతుంది. రైఫిల్ పాడైందని కంగారుపడేవాళ్ళలో సగం మందికి జరిగేది ఇదే.

ఇక్కడే మీ మొదటి సమస్య చూడాలి. బోల్ట్ ఎప్పుడు బిగుస్తోంది? మూసేటప్పుడు చివరి అంగుళంలో మాత్రమే బలం కావాల్సి వస్తుంటే అది లోపం కాదు. లీ ఎన్‌ఫీల్డ్‌లో ఫైరింగ్ పిన్ స్ప్రింగు బోల్ట్ మూసేటప్పుడే ముడుచుకుంటుంది, కొత్తవాళ్ళకు అది అడ్డం పడినట్టు అనిపిస్తుంది. ముందుకూ వెనక్కీ జరిపేటప్పుడు మొత్తం బిగుతుగా ఉంటే మ్యాగజైన్ తీసి జరపండి. అప్పుడు వదులైతే మ్యాగజైన్ పెదవులో, అంటే రౌండ్లను ఆపే పై అంచులో, రౌండ్లను పైకి నెట్టే లోపలి ప్లేటో బోల్ట్ కడుపును గీరుతున్నాయి. మ్యాగజైన్ లేకున్నా బిగుతుగానే ఉంటే ఎండి జిగురైన పాత నూనె కావొచ్చు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ అనుమానించరు: బోల్ట్ మారిపోయి ఉండొచ్చు. హ్యాండిల్ వెనక చెక్కిన నంబరు, బాడీ మీది నంబరు ఒక్కటేనా చూడండి. ఎన్నికల కాలంలో ఒకే గదిలో పది రైఫిళ్ళు, పది బోల్టులు పడి ఉంటాయి. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టులు ఏ రైఫిల్‌కు ఆ రైఫిల్‌కే కూర్చినవి. వేరే బోల్ట్ ఎక్కినా దాని లాక్ సమంగా ఆనదు, తూటా వెనక ఖాళీ మారిపోతుంది, పేల్చినప్పుడు ఖోళీ, అంటే తూటా ఇత్తడి తొడుగు, రెండుగా తెగొచ్చు. నంబరు కలవకపోతే ఒక్క రౌండు కూడా పేల్చొద్దు. ముందు ఠాణాకు పోయి అడగండి, ఆ తర్వాత డీలర్ దగ్గర ఆ ఖాళీని గేజితో కొలిపించండి.

బోల్ట్ హెడ్ మర లాంటిది, చేత్తో ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఊడదీసి మరల్లోని నల్లటి మడ్డి తుడవండి. మళ్ళీ బిగించేటప్పుడు పూర్తిగా లోపలికి తిప్పాలి. ఆగిన చోట హెడ్ మీది కొమ్ము, బోల్ట్ మీది పొడుగు గట్టు వరసలో ఉండాలి. గట్టు దాటి బాగా ముందుకు తిరిగిపోతే మరలు అరిగాయని అర్థం, అది డీలర్ చూడాల్సిన పని. ఎక్స్‌ట్రాక్టర్‌కు చిన్న స్క్రూ, చదును స్ప్రింగు ఉంటాయి. పేల్చిన ఖోళీని అది సరిగానే లాగుతుంటే దాన్ని ఊడదీయొద్దు. ముక్కు కింద పేరుకున్న ఇత్తడి తుక్కును వెదురు పుల్లతో గీకితే చాలు.

ఫైరింగ్ పిన్ ఇంట్లో ఎందుకు వద్దన్నానంటే, దాన్ని ఊడదీయడానికి బోల్ట్ ముందు నుంచి పెట్టే ప్రత్యేక పానా కావాలి, కాకింగ్ పీస్‌కున్న చిన్న స్క్రూ ముందే తీసేయాలి. ఆ స్క్రూ మరచిపోయి తిప్పితే పిన్ను మరలు పోతాయి. సరిగ్గా తిప్పినా, మళ్ళీ బిగించేటప్పుడు పిన్ను కొస ఎంత బయటికి రావాలన్నది కొలిచి పెట్టాలి. త్రీ నాట్ త్రీకి ఆ లెక్క 40 నుంచి 50 వేయివంతుల అంగుళం. తక్కువైతే రౌండు మిస్సవుతుంది, ఎక్కువైతే తూటా అడుగున పిన్ను తగిలే ప్రైమర్‌కు బొక్క పడి వేడి గ్యాసు ముఖానికి కొడుతుంది. బోల్ట్ లోపల మడ్డి ఉందనిపిస్తే ముందు రంధ్రం నుంచి కొంచెం కిరోసిన్ పోసి ఊపి వంచేయండి. ఒక పూట ఆరనిచ్చి, రెండు చుక్కల పల్చటి నూనె వేయండి.

మ్యాగజైన్ సులువు. లోపలి ప్లేటు వెనక కొసను నొక్కితే ముందు కొస పెదవుల నుంచి బయటపడుతుంది, స్ప్రింగుతో సహా వచ్చేస్తుంది. పొడి గుడ్డతో తుడవండి. నూనె పోస్తే మన ఎర్రమట్టి దుమ్ము అందులో ముద్దవుతుంది. 315 రౌండుకు అడుగున అంచు ఉంటుంది కాబట్టి నింపేటప్పుడు పై రౌండు అంచు కింది రౌండు అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ మెలిపడి బోల్ట్ ముందుకు పోదు. చాలామంది దీన్ని మ్యాగజైన్ లోపం అనుకొని పెదవులు వంచి, నిజంగానే చెడగొడతారు.

ఇప్పుడు మీ అసలు సమస్య, ముందు కట్టె కింది జంగు. ఈ రైఫిల్‌కు కట్టె రెండు ముక్కలు. బట్టును పట్టుకునేది లోపల పొడుగాటి బోల్టు, బట్టు వెనక మూత తెరిస్తే కనబడుతుంది. చూడగానే తిప్పబుద్ధి అవుతుంది. తిప్పొద్దు. సైన్యం నంబర్ 1 రైఫిల్‌లో ఆ బోల్టు ముందు కొస చతురస్రంగా ఉండి, ముందు కట్టె వెనక భాగంలోని ఇనుప పలక గాడిలో కూర్చుంటుంది, అది వదులు కాకుండా ఆ ఏర్పాటు. ముందు కట్టె ఉండగానే దాన్ని తిప్పితే చతురస్రం ఆ పలకను తిప్పుతుంది, పలక కట్టెను నిలువునా చీలుస్తుంది. మీ దాంట్లో ఆ పలక ఉందో లేదో బయటి నుంచి తెలియదు కాబట్టి, ముందు కట్టె ఊడాకే బట్టు అనే క్రమం తప్పొద్దు. నిజానికి బట్టు ఊగడం లేదంటే దాన్ని తీయాల్సిన పనే లేదు.

ముందు కట్టెకు క్రమం ఇది: మ్యాగజైన్, బోల్ట్ తీసి ఉండాలి. భుజానికి తగిలించుకునే పటకా కొక్కేలు తీయండి. మూతి వైపు ఏ పట్టీ, ఏ స్క్రూ ఉన్నా వాటిని ముందు వదులు చేయండి. పూర్తి కట్టె ఉన్న సైన్యపు రకంలో మూతి దగ్గరి ఇనుప తొడుగు నోస్ క్యాప్, బయటి పట్టీ, దాని కింద లోపలి పట్టీ స్క్రూ ఉంటాయి. ఆ లోపలి స్క్రూకు చిన్న స్ప్రింగు తొడిగి ఉంటుంది, పాత గోధుమ రంగు గచ్చు మీద పడితే మళ్ళీ కనబడదు, కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. బ్యారెల్ పైన కట్టె ఉంటే అది స్ప్రింగు పట్టుతో కూర్చుంటుంది, రెండు వైపులా సమంగా ఎత్తాలి, ఒక వైపే లేపితే చెవి విరుగుతుంది. తర్వాత ట్రిగ్గర్ గార్డు వెనక స్క్రూ, ఆఖరున ముందు స్క్రూ. గార్డుతో పాటు ట్రిగ్గర్ కూడా వచ్చేస్తుంది, భయపడొద్దు, అది గార్డుకే పిన్నుతో బిగించి ఉంటుంది.

ముందు స్క్రూ రంధ్రంలో ఒక చిన్న ఇనుప గొట్టం, కాలర్ అంటారు, ఉంటుంది. అది జారి పడిపోతే చాలామంది గమనించరు. అది లేకుండా స్క్రూ బిగిస్తే కట్టె నలుగుతుంది, ఎంత బిగించినా వదులుగానే అనిపిస్తుంది, గురి రోజుకో చోటికి పోతుంది.

కట్టెను ఎప్పుడూ మూతి వైపు నుంచి ఎత్తి లాగొద్దు. దాని వెనక కొసన, బాడీ ఆనే రెండు చదును ముఖాలు ఉంటాయి. పేలుడు తన్ను మొత్తం అవే మోస్తాయి. ఒక వైపు ఎత్తితే అవి పెళ్ళలుగా రాలిపోతాయి. రైఫిల్‌ను తలకిందులుగా పాత దుప్పటి మీద పెట్టి, అరచేతితో చిన్నగా తడుతూ, ముందూ వెనకా సమంగా కొద్ది కొద్దిగా లేపాలి. ఎప్పుడో వార్నిష్ పూసి ఉంటే అతుక్కుంటుంది, అప్పుడు అంచు వెంబడి గోరుతో పొలుసు ఒలిచి మళ్ళీ ప్రయత్నించండి.

స్క్రూల సంగతి: వీటి మరలు అంగుళాల లెక్కవి, మెట్రిక్ కాదు. పోగొట్టుకుంటే నల్లగొండ ప్రకాశం బజారులో హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగినా దొరకదు. స్క్రూ డ్రైవర్ కొస గాడి వెడల్పుకూ మందానికీ సరిగ్గా సరిపోవాలి. మామూలు డ్రైవర్ కొస కోసుగా ఉంటుంది, జారి గాడిని తినేస్తుంది. కాబట్టి ఆకురాయితో కొసను సమాంతరంగా అరగదీసి వాడండి. స్క్రూ కదలకపోతే జంగు వదిలించే నూనె వేసి ఒక రోజు ఆగండి. అప్పటికీ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ కొసను స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఆనించండి. మంట పెట్టొద్దు.

జంగు తీయడానికి ఎమ్రీ పేపర్, ఉప్పుకాగితం, ఇటుక పొడి ఏదీ వద్దు. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, నిమ్మకాయ అసలే వద్దు. పులుపు జంగుతో పాటు నల్ల రంగునూ తినేసి ఇనుమును బోసిగా వదిలేస్తుంది, వారంలో రెట్టింపు జంగు పడుతుంది. పల్చటి నూనె రాసి ఒక రాత్రి ఉంచి, అతి సన్నని స్టీల్ ఉన్నితో, నాలుగు సున్నాల రకంతో, తేలికగా రుద్దండి. మొండి మచ్చలకు రాగి లేదా ఇత్తడి రేకు ముక్క అంచుతో నూనె మీద గీకండి. రాగి ఇనుము కంటే మెత్తన, గీత పడదు. ఎరుపు పోయి నల్లటి గుంటలు మిగిలితే అక్కడితో ఆపండి. గుంటలు కట్టె కింద ఉన్నంత వరకు రైఫిల్‌కు ఏమీ కాదు. చాంబర్ పక్కన, బ్యారెల్ మందంగా ఉండే చోట గోరు ఆగేంత లోతు ఉంటే మాత్రం పేల్చే ముందు డీలర్‌కు చూపించాలి.

బ్యారెల్ లోపలి భాగం గురించి ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే: నూనె కంటే ముందు నీళ్ళు. పాత సైనిక రౌండ్ల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఒక రకం ఉప్పుగా మారి బ్యారెల్ లోపల అంటుకుంటుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. ఆ ఉప్పు నూనెలో కరగదు, కిరోసిన్‌లో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. నూనె రాసి మంచిగ పెట్టామనుకున్న బ్యారెల్ వారానికే ఎర్రబడడానికి కారణం అదే. మీ రౌండ్లలో ఏ ప్రైమర్ ఉందో కచ్చితంగా తెలియనప్పుడు ఉప్పు రకమే అనుకొని పని చేయండి, నీళ్ళకు ఖర్చు లేదు. పేల్చిన రోజే, బోల్ట్ తీసి, మూతి కిందికి ఉంచి, చాంబర్ వైపు నుంచి పొడుగు ముక్కు గరాటుతో లీటరు మరిగే నీళ్ళు పోయండి. కట్టె మీద పడొద్దు. బ్యారెల్ వేడెక్కితే మిగిలిన తడి దానంతట అదే ఆరిపోతుంది. వెంటనే పొడి గుడ్డ, తర్వాత నూనె గుడ్డ. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా ఒక్కో గుడ్డ లాగి రంగు చూడండి.

గుడ్డ లాగడం ఎన్‌సీసీలో చేసినవాళ్ళకు తెలుసు: చిందీ అంటే గుడ్డ ముక్క, పుల్ త్రూ అంటే దాన్ని లాగే తాడు. పొడి చిందీ నాలుగంగుళాలకు రెండంగుళాలు, నూనె చిందీ నాలుగుకు ఒకటిన్నర. నూనెది చిన్నగా ఎందుకంటే బిగుతు గుడ్డ రాసిన నూనెను తనే తుడిచేస్తుంది. పాత బనీను గుడ్డ మంచిది, పాలిస్టర్ చీర ముక్క పనికిరాదు. చాంబర్ నుంచి మూతి వైపే, ఒక్క గుంజుడుతో, తాడు సూటిగా ఉండేలా లాగాలి. తాడు ఒక పక్కకు రాసుకుంటే ఏళ్ళ తరబడి మూతి అంచు అరిగి గాడి పడుతుంది, ఆ రైఫిల్ ఇక గురికి రాదు. గుడ్డ మధ్యలో ఇరుక్కుంటే ఇంకో గుడ్డతో నెట్టొద్దు, ఇనుప చువ్వతో పొడవొద్దు. నూనె పోసి గంట ఆగి, వచ్చిన దారినే వెనక్కి లాగండి. తాడు తెగిపోతే నేరుగా డీలర్ దగ్గరికే. రౌండు పేల్చి గుడ్డను ఊదేద్దామనుకుంటే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది.

నూనెల్లో తుపాకి నూనె దొరకకపోతే కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, వేరుశనగ నూనె జిగురవుతుంది, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి. కిరోసిన్ మురికిని కోస్తుంది గానీ కాపాడదు. పేల్చే ముందు బ్యారెల్, చాంబర్ రెండూ పొడిగా తుడవాలి. చాంబర్‌లో నూనె ఉంటే ఖోళీ గోడను పట్టుకోదు, తన్ను మొత్తం బోల్ట్ మీద పడుతుంది. లీ ఎన్‌ఫీల్డ్ లాకు బోల్ట్ వెనక భాగాన ఉంటుంది కాబట్టి ఆ భారం దీనికి ఇంకా ఎక్కువ చెరుపు.

కట్టెకు అవిసె నూనె. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకొని వేడి పుట్టేదాకా రుద్దండి, ఒక రోజు ఆగి మళ్ళీ. బయటికంటే లోపలి వైపు, బ్యారెల్ కూర్చునే కాలువలో పల్చగా రాస్తే వానాకాలం తేమ పీల్చదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూలకు పడేయొద్దు, తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి బయట పరచండి. ఎండకాలంలో మన దగ్గర కట్టె ఎండి కుంచించుకుపోతుంది. ట్రిగ్గర్ అనేది గార్డుకే బిగించి ఉంటుందని చెప్పాను కదా, కట్టె కుంచించుకుంటే గార్డు ఎత్తు మారి ట్రిగ్గర్ లాగుడు కూడా మారుతుంది. మే నెలలో తేలికగా, ఆగస్టులో బరువుగా అనిపిస్తే రైఫిల్‌కు దయ్యం పట్టలేదు. ఈ ఇబ్బంది పోగొట్టడానికే లీ ఎన్‌ఫీల్డ్‌లోనే తర్వాత వచ్చిన నంబర్ 4 రైఫిల్ తర్వాతి రకంలో ట్రిగ్గర్‌ను బాడీకే తగిలించారు.

తిరిగి బిగించేటప్పుడు కాలర్ దాని చోట ఉందో లేదో మొదట చూడండి. గార్డు ముందు స్క్రూ పూర్తిగా, తర్వాత వెనకది, ఆ తర్వాత మూతి వైపు పట్టీలు. బోల్ట్ నంబరు మరోసారి చూసి ఎక్కించండి. తర్వాత ఖాళీ రైఫిల్‌తో పరీక్ష. బోల్ట్ మూసి సేఫ్టీ వేస్తే ట్రిగ్గర్ పనిచేయకూడదు, బోల్ట్ తెరుచుకోకూడదు. సేఫ్టీ తీసి, బట్టును రబ్బరు చాప మీద అరడుగు ఎత్తు నుంచి రెండు మూడు సార్లు కొట్టండి, కాకింగ్ పీస్ జారకూడదు. బోల్ట్‌ను విసురుగా మూసినప్పుడు కాకింగ్ పీస్ ముందుకు పడిపోయినా, సగంలో ఆగిపోయినా, దాన్ని ఆపి పట్టే కొక్కెం, సియర్ అంటారు, అరిగిందన్నమాట. దాన్ని ఆకురాయితో సరిచేద్దామనుకోవద్దు, చేయి తగలకుండానే పేలే రైఫిల్ తయారవుతుంది.

దాచేటప్పుడు తోలు సంచిలో పెట్టొద్దు. తోలు తేమ పీలుస్తుంది, దాన్ని ఊనడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. సున్నం గోడకు ఆనించొద్దు, మూతిలో గుడ్డ కుక్కొద్దు. తాళం ఉన్న ఇనుప బీరువాలో, మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. నూనె కిందికి జారి బయటికి పోతుంది, లేకుంటే వెనక్కి ఊరి బట్టు మెడ కట్టెను మెత్తన చేస్తుంది. బోల్ట్ వేరే చోట, రౌండ్లు ఇంకో చోట. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అడవి అంచున ఉన్నవాళ్ళు వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తెరిచి చూడాలి, దేవరకొండకు నెలకొకసారి చాలు.

మళ్ళీ ఎన్నికలకు జమ చేసేటప్పుడు, ముందు రోజు బ్యారెల్ లోపలా బయటా మామూలు కంటే మందంగా నూనె పూయండి, గ్రీజు అయితే ఇంకా మంచిది. బోల్ట్ నంబరు, బాడీ నంబరు రెండూ రసీదు మీద రాయించుకోండి. బోల్ట్‌కు తాడుతో చీటీ కట్టండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు ఠాణా వరండాలోనే బోల్ట్ తీసి నంబరు చూసి, మూతి నుంచి వెలుతురు సాఫీగా కనబడుతుందో లేదో చూశాకే సంతకం పెట్టండి. ఇంటికొచ్చాక ఆ గ్రీజంతా తుడవకుండా రౌండు పెట్టొద్దు.